ఎత్తిన బోనం

కొత్త ఫాదర్ వచ్చిన రోజే మా నాయినమ్మ ఆయన బూట్లు పాడుచేసింది.

కావాలని కాదు. మా వైపు గౌరవించదగ్గ మనిషి మొదటిసారి వస్తే కాళ్ళ మీద నీళ్ళు పోసి పిలుచుకుంటాం. టాక్సీ చర్చి గేటు ముందు ఆగేసరికి మా చాల్ ఆడవాళ్ళు, ఒకే కప్పు కింద ఒంటిగదుల్లో కాపురముండే వాళ్ళంతా, అక్కడ చేరి ఉన్నారు. తెల్ల అంగీ తొడుక్కున్న సన్నటి మనిషి ఒక రేకు పెట్టె పట్టుకుని దిగాడు. నాయినమ్మ ముందుకెళ్ళి చెంబెడు పసుపునీళ్ళు, వేపరెమ్మతో సహా, ఆయన కాళ్ళ మీద కుమ్మరించింది. నల్లగా మెరుస్తున్న తోలు బూట్లు, లోపల తెల్ల మేజోళ్ళు. ఆయన ఎగిరి వెనక్కి దూకాడు. మోచెయ్యి టాక్సీ తలుపుకు కొట్టుకుంది.

“యే క్యా హై!” అని అరిచాడు.

“ఇడుస్తవేమో అనుకున్న బిడ్డా,” అంది నాయినమ్మ తెలుగులోనే, నింపాదిగా. “బూట్లేసుకొని దేవుని కాడికి ఎవలన్న వస్తరా?”

అందరూ నవ్వారు. నేను రత్నాబాయి వెనక దాక్కుని నవ్వాను. ఆయన ఎవరినీ చూడకుండా, అడుగడుగుకీ పచపచమని చప్పుడు చేస్తూ లోపలికి వెళ్ళిపోయాడు.

ఆయన పేరు సల్దాన్హా, ఊరు మంగళూరు అని రత్నాబాయి ఆరా తీసి చెప్పింది. రత్నాబాయి మా పక్క గదిలో ఉంటుంది. తాతల కాలంలోనే వాళ్ళు బొంబాయి వచ్చి ఇళ్ళు కట్టే పనుల్లో కుదిరారు. ఆమె మాటల్లో సగం మరాఠీ. నాయినమ్మకు ఆ పేరు నోరు తిరగలేదు. సల్దన్నం ఫాదర్ అంది. సాయంత్రానికి చాల్ మొత్తానికీ అదే పేరైపోయింది.

మా గది రెండో అంతస్తులో, ఫాక్‌లాండ్ రోడ్డు చప్పుడు వినపడేంత దగ్గర. నాన్న పొద్దున్నే నాకా మీద, నాలుగు రోడ్ల కూడలిలో, కూలీల గుంపులో నిలబడి, ఎవరు పిలిస్తే వాళ్ళ వెంట గోడలు కట్టడానికి వెళ్తాడు. అమ్మ చర్చి, దాని పక్కనున్న హాలు ఊడుస్తుంది. నేను మక్తల్ దగ్గర మా ఊళ్ళో ఏడో తరగతి దాకా చదివి వచ్చాను. ఇక్కడ మాకు అందుబాటులో ఉన్న తెలుగు బడి ఏడుతోనే అయిపోతుంది. అందుకని అమ్మ వెంట చీపురు పట్టుకుని వెళ్తున్నాను. నాకు కొత్తవాళ్ళ ముందు నోరు పెగలదు. ఊళ్ళో పంతులు లేచి పాఠం చదవమంటే పుస్తకం వెనక మొహం దాచుకునేదాన్ని. బొంబాయికి వచ్చాక ఆ పుస్తకం కూడా లేదు.

చర్చి గేటు దాటగానే ఎడమవైపు రాళ్ళతో కట్టిన గూట్లో మరియవ్వ నిలబడి ఉంటుంది. నీలం కొంగు, చాచిన చేతులు. మా ఆడవాళ్ళకు ఆమె పోచమ్మ చెల్లెలు. ఎవరు చెప్పారని అడిగితే నాయినమ్మ, “మొఖం చూస్తే తెలుస్తలేదా?” అంటుంది. ఆషాఢంలో ఆదివారం మా వెనక గల్లీలో పోచమ్మకు బోనాలు ఇచ్చి, తిరిగి వచ్చేటప్పుడు ఒక్క బోనం మరియవ్వకు ఇవ్వడం మా చాల్ ఆనవాయితీ. ముసలి ఫాదర్ ఉన్న రోజుల్లో ఆ ఆదివారం గేటు బార్లా తెరిచి, తానే పక్కన నిలబడేవాడట. బెల్లమన్నం అరచేతిలో పెట్టించుకుని తినేవాడట. ఆయన పెద్దతనంతో గోవాకి వెళ్ళిపోయాడు.

ఈ ఏడు ఆ ఒక్క బోనం మాది. మా చెల్లె భూదేవికి చలికాలంలో తట్టు పోసింది. ఒళ్ళంతా ఎర్రగా కాలిపోయి, రెప్పలు అంటుకుపోయి కళ్ళు తెరవలేదు. చూపు సంగతి ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు. నాయినమ్మ పిల్లను భుజాన వేసుకుని మెట్లు దిగి, మరియవ్వ ముందు నిలబెట్టి మొక్కింది. “దీని కండ్లు దక్కితే దీని అక్క నెత్తి మీద నీకు బోనం తెస్త.” భూదేవి కళ్ళు తెరిచింది. ఇప్పుడు గ్యాలరీలో అందరి చెంబులూ దొర్లించుకుంటూ తిరుగుతోంది. మొక్కు నా నెత్తి మీద ఉంది. ఇంకొకరు ఎత్తితే చెల్లదు.

కొత్త ఫాదర్‌ను నేను చీపురు చివరి నుంచి చూస్తూ తెలుసుకున్నాను.

తన బట్టలు తానే ఉతుక్కుంటాడు. తాడు మీద ఆరేసి, గాలికి పడిపోతే మళ్ళీ ఉతుక్కుంటాడు కానీ క్లిప్పులు కొనడు. చేపల కూర వండితే గల్లీ పిల్లులన్నీ వంటింటి గడప దగ్గర కూర్చుంటాయి. వాటిని ఒక ముసలి పెద్దమ్మను తిట్టినట్టు తిట్టి, తలకాయలు వాటికే వేస్తాడు. నేను ఊడ్చేచోటికి వచ్చి, “తేరా నామ్ క్యా హై, బేటీ?” అని అడిగాడు ఒకరోజు. నాకు జవాబు గొంతులోనే ఉండిపోయింది. ఇంకోరోజు మళ్ళీ అడిగాడు. నేను చెత్త ఎత్తి వెళ్ళిపోయాను. ఆయన అమ్మ వైపు తిరిగి, జాలిగా, “గూంగీ హై క్యా?” అన్నాడు. మూగదా అని.

అమ్మ నవ్వాపుకుంటూ తల అడ్డంగా ఊపింది. ఆయనకు అది ఎటు అర్థమైందో, అప్పటి నుంచి నాతో చేతులతో సైగలు చేయడం మొదలుపెట్టాడు. అక్కడ ఊడువు, ఇక్కడ నీళ్ళు చల్లు. నేనూ సైగలతోనే సరే అన్నాను. నాకు హాయిగానే ఉంది.

ఆషాఢం ఇంకా రాకముందు ఒక పొద్దున ఆయన బకెట్టు, సబ్బు, గుడ్డపేలిక తెచ్చుకుని మరియవ్వ గూటి ముందు కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి మా వాళ్ళు పూసిన పసుపు ఆ కాళ్ళ మీద గట్టిపడి ఉంది. నుదుటి మీద కుంకుమ మరక. ఆయన రుద్దడం మొదలుపెట్టాడు. నా గుండె కాలినట్టయింది. కానీ చీపురు ఆపి చూస్తే, ఆయన పసిపిల్లకు స్నానం చేయించినట్టు రుద్దుతున్నాడు. ఎడమకాలి చిటికెన వేలు విరిగితే ఎవరో సున్నంతో అతికించారు. ఆ వేలి దగ్గర గుడ్డ పక్కన పెట్టి వేలికొసతో తుడిచాడు. ముఖం తెల్లగా అయింది. కాళ్ళ పసుపు మాత్రం పూర్తిగా పోలేదు. ఆయన ఆయాసపడుతూ నన్ను చూసి, పోవడం లేదన్నట్టు చెయ్యి తిప్పాడు.

పోదు. నేను కూడా చెయ్యి తిప్పాను.

మర్నాటి నుంచి గేటుకు తాళం పడింది. ప్రార్థనకు వచ్చేవాళ్ళు హాలు పక్కనున్న చిన్న తలుపులోంచి రావాలి. ఆయన అమ్మను పిలిచి హిందీలో నిదానంగా చెప్పాడు. ఈ ఏడు నుంచి బోనం లోపలికి రాదు. చర్చికి వచ్చేవాళ్ళలో పెద్దలు కొందరు వద్దంటున్నారు. అది ఒక్కటే కాదు, ఆయనకూ ఇష్టం లేదు. “మా తల్లి పిల్లలకు జబ్బులు పంపదు. పంపి, అన్నం పెడితే వెనక్కి తీసుకునేది కాదు. భయంతో వచ్చేవాళ్ళు నాకు వద్దు. మీ వాళ్ళకు చెప్పు.”

అమ్మ చెప్పింది. చాల్ గ్యాలరీ కందిరీగల తుట్టె అయింది.

“బూట్లు తడిసినయని పగ వట్టిండు,” అంది నాయినమ్మ.

“బూట్లు కాదే మల్లవ్వా,” అంది రత్నాబాయి. “పెద్దోళ్ళ దబావ్, వత్తిడి. జాఊ దే, పోనియ్యి. పోచమ్మ కాడనే రెండు బోనాలియ్యి, హిసాబు బరాబర్ అయితది.”

“పోచమ్మకు మొక్కితే పోచమ్మకిస్తం. ఈమెకు మొక్కి ఆమెకిస్తే మాట నిలవెట్టినట్టా? నీ ఇంటికి పిల్చి పక్కింట్ల కూడు వెడితే నువ్వు ఊకుంటవా?”

“తాళమేసిన గేటు తెరుస్తరా? మా ఇంటాయన మిల్లు గేటు ముందర సమ్మెల ఏడాది నిలవడ్డడు. తెరిచిన్రా?”

ఆ మిల్లు ఇంకా మూసే ఉంది. రత్నాబాయి మొగుడు శంకర్రావు ఇప్పుడు ఒక దుకాణం ముందు స్టూలు మీద కూర్చుని కాపలా కాస్తున్నాడు.

గదిలోకి వచ్చాక అమ్మ నా జడ అల్లుతూ మెల్లగా అంది: “నువ్వు పోచమ్మ కాడ్నుంచి సక్కగ ఇంటికి రా. నేను ఆడ పనిజేస్త. వాళ్ళు నన్నేమన్న అంటే మల్ల యాడ చీపురు వడ్తం? నాయినమ్మ సతాయిస్తే నేను చూసుకుంట.”

నేను జవాబు చెప్పలేదు. చెప్పనని అమ్మకు తెలుసు, అందుకే సరేనన్నట్టు అనుకుంది. గడప మీద భూదేవి కూర్చుని, ఆ పెద్ద కళ్ళతో ఒక చీమ వెంట చూస్తోంది. చీమ ఎటు పోతే అటు.

ఆ కళ్ళకు మాట ఇచ్చింది నాయినమ్మ. మోయాల్సింది నేను. మధ్యలో ఈ తాళం ఎవరు?

ఆదివారం కొత్త కుండకు సున్నం, పసుపు పూసి, చుట్టూ వేపాకు కట్టాం. పాలు, బెల్లం వేసి వండిన అన్నం నింపి, మూత మీద దీపం పెట్టాం. నాన్న పని మానుకుని డప్పు కొట్టేవాళ్ళ పక్కన నడిచాడు. పోచమ్మ దగ్గర అందరి బోనాలూ దిగాయి. నాది దిగలేదు. బోనం ఒకసారి నెత్తికెత్తాక, ఎవరికి మొక్కామో వాళ్ళ దగ్గరే దించాలి. దారిలో నేల మీద పెట్టకూడదు. నిండుకుండతో ఇంటికి తిరిగి రాకూడదు. ఇది మా ఊళ్ళో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు.

గల్లీ మలుపు దగ్గర అమ్మ నా కొంగు పట్టుకుని ఎడమకు, చాల్ వైపు లాగింది. నేను కుడికి తిరిగాను. కొంగు ఆమె వేళ్ళ నుంచి జారింది. అంత తేలిగ్గా జారుతుందని నేనూ అనుకోలేదు.

గేటు ముందు వెళ్ళి నిలబడ్డాను. ఒక చెయ్యి కుండ మీద. ఇనుప కమ్మీల అవతల మరియవ్వ తెల్లగా కనిపిస్తోంది, కాళ్ళు మాత్రం పచ్చగా. డప్పు ఆగిపోయింది. ఆడవాళ్ళంతా నా వెనక చేరారు. పక్క గల్లీలో కిటికీల దగ్గర కూర్చునే ఆడవాళ్ళు కూడా కొందరు దిగి వచ్చారు. వాళ్ళూ ఇదివరకు ఈ గేటులోంచే వచ్చి మరియవ్వకు కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళు.

ఫాదర్ హాల్లోంచి గొడుగు పట్టుకుని వచ్చాడు. ఆ వెనక వరండాలో ప్యాంట్లు, టైలతో ఇద్దరు పెద్దమనుషులు నిలబడి చూస్తున్నారు. ఆయన నన్ను చూసి, నేను మూగదాన్ని కదా, చేతితో సైగ చేశాడు. ఇంటికి వెళ్ళు.

నేను కదల్లేదు.

ఆయన అమ్మ కోసం వెతికాడు. అమ్మ అందరి వెనక తల వంచుకుని ఉంది. “అంజమ్మా, నేను చెప్పాను కదా,” అన్నాడు.

వాన మొదలైంది. ముందు చినుకులు, తర్వాత బొంబాయి వాన. నాన్న తన తువ్వాలు దీపం పైన పట్టాడు. ఫాదర్ ఒక నిమిషం చూసి, కమ్మీల మధ్య నుంచి గొడుగు ఇవ్వబోయాడు. తెరిచి ఉన్న గొడుగు దూరలేదు. మూసి ఇచ్చాడు. ఎవరూ అందుకోలేదు.

“లేలో, లేలో! దీపం ఆరిపోతుంది,” అన్నాడు కంగారుగా.

“దీపం గురించి అంత రంది ఉంటే గేటు తియ్యి,” అన్నాను.

ఆ గొంతు నాదేనని తెలియడానికి నాకే క్షణం పట్టింది. తెలుగులో అన్నాను.

“యే బోల్తీ హై?” ఈ పిల్ల మాట్లాడుతుందా అని ఫాదర్ రత్నాబాయిని అడిగాడు. “ఏమంది?”

రత్నాబాయి పవిట సర్దుకుని, రెండు చేతులూ జోడించి హిందీలో మొదలుపెట్టింది. “ఫాదర్, పిల్ల అంటోంది, దయచేసి మా తప్పు క్షమించి, కృపయా గేటు...”

“కృపయా అనలే నేను,” అన్నాను. “తప్పని కూడ అనలే. నేనన్నదే చెప్పు అత్తా.”

“అగ బాయీ! పోరికి నోరొచ్చింది, నాకు పోయింది,” అంది రత్నాబాయి. కానీ ఈసారి ఉన్నదున్నట్టు చెప్పింది.

ఫాదర్ నా వైపు తిరిగాడు. కోపంగా లేదు ఆ ముఖం. గూటి ముందు కూర్చుని వేలు తుడిచిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. “చూడమ్మా,” అన్నాడు హిందీలో, “ఆమె మీ చెల్లికి జబ్బు ఇవ్వలేదు. ఆమెకు భయపడాల్సిన పని లేదు. భయపడి ఎందుకు తెస్తారు?”

“భయపడి తేలే. మాటిచ్చినం గనుక తెచ్చినం. ఇచ్చిన మాట నిలవెట్టకపోతే మీ దేవుడు సంతోషపడ్తడా?” రత్నాబాయి అది చెప్పేదాకా ఆగాను. “మేం భయపడ్తలేం. తాళమేసినోళ్ళకే భయముంటది.”

“హే మీ నాహీ సాంగ్నార్,” అంది రత్నాబాయి చేతులు ఊపేస్తూ. “ఇది నేను చెప్ప. నువ్వే చెప్పుకో.”

చెప్పుకున్నాను. నాకు హిందీ నాకా మీద కూలీలు మాట్లాడేంతే వచ్చు. “తాలా హమ్ నహీ లగాయా. తుమ్ లగాయా. డర్ కిస్కో హై?” తాళం వేసింది మేం కాదు, నువ్వు, భయం ఎవరికి అని.

వెనక నుంచి నాయినమ్మ, “ఏమన్నవే?” అంది. ఎవరో చెవిలో చెప్పారు. “అట్ల అడుగు!” అని నేల మీద కర్ర కొట్టింది.

వరండాలో పెద్దమనుషుల్లో ఒకాయన ఇంగ్లీషులో ఏదో గట్టిగా అన్నాడు. ఫాదర్ అటు చూశాడు, ఇటు చూశాడు. మెడ నొప్పిగా ఉంది నాకు. కుండ బరువు కాదు, కదలకుండా నిలబడటం బరువు. వాన చుక్కలు వేపాకుల మీంచి నా ముక్కు మీదికి కారుతున్నాయి, తుడుచుకోవడానికి లేదు. నేను ఆయన మీద నుంచి కళ్ళు తీయలేదు. ఇన్నాళ్ళూ చీపురు చివర చూసిన మనిషిని మొదటిసారి ఎదురుగా చూశాను. బాగా అలసిపోయి ఉన్నాడు. ఎవరూ లేని ఊళ్ళో పిల్లులతో మాట్లాడుకునే మనిషి.

ఆయన జేబులోంచి తాళంచెవి తీశాడు.

గేటు రెక్క ఒకటి జానెడు తెరిచి, “జల్దీ. నువ్వొక్కదానివే. పెట్టేసి వచ్చెయ్,” అన్నాడు గొంతు తగ్గించి.

అమ్మ వెనక నుంచి, “పో బిడ్డా, పెట్టి రా,” అంది. మొదటిసారి ఆమె గొంతులో ఆశ వినిపించింది. నేను ఒక అడుగు వేశాను. నెత్తి మీద కుండతో, పైకెత్తిన మోచేతితో ఉన్న మనిషి ఆ సందులో పట్టదు. పక్కకు తిరిగి, వంగి, దొంగలా దూరాలి. వంగితే దీపం పడుతుంది. అయినా నేను దొంగతనానికి వచ్చానా?

వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాను.

“పూరా ఖోలో,” అన్నాను. “పూరా తెరువు. వీళ్ళందరు వస్తరు. నాయినమ్మ ముందు.”

దీపం తువ్వాలు కింద చిటపటమంది. రత్నాబాయి నా పక్కకు వచ్చి నా మోచేతి కింద తన చెయ్యి ఆనించింది. అటుపక్కకు అమ్మ వచ్చింది. అందరి ముందుకు, ఆ పెద్దమనుషులకు కనపడేలా వచ్చి నా పక్కన నిలబడింది.

ఫాదర్ గొడుగు గోడకు ఆనించి వంగాడు. రెండో రెక్క గడియ నేలలో బురదతో బిగుసుకుపోయింది. వేళ్ళతో బురద తోడాడు. తెల్ల అంగీ మోకాళ్ళ దాకా నల్లబడింది. వరండాలోంచి మళ్ళీ ఇంగ్లీషు వినపడింది. ఆయన తల తిప్పకుండా ఇంగ్లీషులోనే ఒక్క ముక్క అన్నాడు. అదేమిటో నాకు తెలియదు కానీ, పిల్లుల్ని తిట్టే గొంతే అది.

గేటు రెండు రెక్కలూ బార్లా తెరుచుకున్నాయి.

డప్పు ఒక్కసారిగా మోగింది. నాయినమ్మ ముందు, నేను వెనక. ఆడవాళ్ళు నా కాళ్ళ మీద బిందెలతో నీళ్ళు పోశారు. ఆ నీళ్ళు గేటు పక్కన నిలబడ్డ ఫాదర్ బూట్ల మీదుగా పారాయి. మరియవ్వ ముందు బోనం దించాక నా మెడ గాలిలో తేలినట్టయింది. పసుపు ముద్ద తీసుకుని, ఆ విరిగిన వేలు దగ్గర మెల్లగా, వేలికొసతో రాశాను. ఫాదర్ చూస్తున్నాడు.

“పాదాలకు మాత్రమే,” అన్నాడు. “ముఖానికి వద్దు.”

ఆయన మాట పూర్తయ్యేలోపు నాయినమ్మ భూదేవిని ఎత్తి పట్టుకుంది. భూదేవి తన బుజ్జిచేత్తో మరియవ్వ నుదుటి మీద ఇంత కుంకుమ పులిమింది, కొంచెం ముక్కుకు కూడా. ఫాదర్ కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి భూదేవి ఆయన్నే చూస్తోంది, రెండు కళ్ళూ విప్పుకుని. ఆయన గుడ్డ కోసం వెళ్ళలేదు.

బెల్లమన్నం ఆకులో పెట్టి ఇస్తే తీసుకోలేదు. “నేను ఇంకా ఒప్పుకోలేదు,” అన్నాడు. “వచ్చే ఏడు దీని గురించి మాట్లాడాలి.” తర్వాత నా వైపు చూసి, “నువ్వు మూగదానివి కాదన్నమాట,” అన్నాడు.

“పనివడ్తే మాట్లాడ్త,” అన్నాను. రత్నాబాయి లేకుండానే ఆయనకు అర్థమైంది.

నాయినమ్మ ఆకు గూటి మెట్టు మీద పెట్టేసింది. మర్నాడు పొద్దున అమ్మతో ఊడవడానికి వెళ్తే ఆకు ఖాళీగా ఉంది. పిల్లులు తిన్నాయో, ఇంకెవరు తిన్నారో నేను అడగలేదు. పెద్దమనుషులు అమ్మను పని మాన్పించమన్నారని, ఫాదర్ ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది. గేటుకు తాళం మళ్ళీ ఉంది. అది ఒక రెక్కకు వేలాడుతోంది, వేసి లేదు.

బోనం దించిన ఆ ఆదివారమే, వాకిట్లోంచి బయటికి వస్తూ నాయినమ్మ ఫాదర్ ముందు ఆగి రత్నాబాయితో అంది: “వచ్చే ఏడు మాట్లాడ్త అన్నడా? సరే, మాట్లాడుదాం. వచ్చే ఏడు బూట్లిడిచి రమ్మను.”

రత్నాబాయి వినిపించుకోనట్టు ఆకాశం వైపు చూసింది.

నేను చెప్పాను. ఒక్క మాట కూడా తగ్గించకుండా.